గ్రూప్ ఎంత వచ్చింది? రైఫిల్ షూటింగ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

శని, ఆదివారాల్లో రేంజ్ బెంచీ మీద ఓ అరగంట కూర్చుంటే చాలు, ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ చెవిన పడతాయి. కొత్తగా చేరిన పిల్లలు, వాళ్లని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు, ఆఫీసు అయ్యాక వచ్చే నాలాంటివాళ్లు, అందరూ అడిగేది ఇదే. ఒకే జవాబు పదిసార్లు చెప్పే బదులు రాసి పెడదామనిపించింది. నేను కోచ్‌ని కాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, వీలైనప్పుడు 50 మీటర్లు కొట్టే మామూలు క్లబ్ షూటర్‌ని. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## లేన్‌లోకి అడుగు పెట్టకముందు

హైదరాబాద్‌లో ఎక్కడ నేర్చుకోవాలి?

గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న రేంజ్ పెద్దది. 2007లో ప్రపంచ మిలిటరీ క్రీడలు ఇక్కడ జరిగినప్పుడు కట్టారు. ఇది కాక 10 మీటర్ల లేన్లు ఉన్న ప్రైవేటు అకాడమీలు ఊళ్లో అక్కడక్కడా ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చాక ఈ ఆట పేరు ఇళ్లల్లో వినబడటం మొదలైంది. ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: ఇంటి నుంచి ఎంత దూరం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలికి సాయంత్రం ట్రాఫిక్‌లో వచ్చినవాడి భుజాలు అప్పటికే బిగుసుకుపోయి ఉంటాయి. వారానికి నాలుగు రోజులు వెళ్లగలిగే చిన్న రేంజ్, నెలకి నాలుగు రోజులు వెళ్లే పెద్ద రేంజ్ కన్నా మేలు.

ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ కావాలా?

2016 ఆయుధ నియమాల ప్రకారం క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మి.మీ. మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. పోటీల్లో వాడే 10 మీటర్ల రైఫిల్ శక్తి సుమారు 8 జౌళ్లు. 50 మీటర్లలో వాడే పాయింట్ 22 రైఫిల్ మాత్రం తుపాకీ కిందే లెక్క, దానికి లైసెన్స్ ఉండాల్సిందే. లైసెన్స్ అక్కర్లేదు కదా అని ఎయిర్ రైఫిల్‌ని భుజాన వేసుకుని మెట్రో ఎక్కకండి. కేసులో పెట్టి, బిల్లు, క్లబ్ కార్డు దగ్గర ఉంచుకోండి.

అన్నా, ముందు సొంత రైఫిల్ కొనాలా?

వద్దు. ఆరు నెలలు క్లబ్ రైఫిల్‌తో కొట్టండి. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు మీ ఒంటికి సరిపోయే షూటింగ్ జాకెట్ మీద పెట్టండి. రైఫిల్ ఎవరిదైనా సర్దుకోవచ్చు కానీ, పక్కవాడి జాకెట్‌లో నడుము నిలవదు.

## మొదటి నెలలు

గురి సరిగ్గానే పెడుతున్నాను. పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) మాత్రం చెల్లాచెదురుగా పడుతున్నాయి. ఎందుకు?

తొంభై పాళ్లు, మీరు రైఫిల్‌ని బలవంతంగా టార్గెట్ మీదికి తోస్తున్నారు. ఒక పరీక్ష చేయండి. పొజిషన్‌లో నిలబడి గురి పెట్టండి. కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, ఒళ్లు సడలించండి. కళ్లు తెరిచాక రైఫిల్ ఎటు చూస్తోందో అదే మీ ఒంటి సహజమైన గురి. అది పక్క లేన్ వైపు చూస్తుంటే, ఇంతసేపూ మీరు కండబలంతో దాన్ని ఇటు లాగుతున్నారన్నమాట. ట్రిగ్గర్ పడే క్షణంలో కండరం కొంచెం వదులైనా రైఫిల్ తన దారికి పోతుంది.

దీన్ని చేతులతో సరిచేయకూడదు. అడ్డంగా తేడా ఉంటే పాదాలు జరపాలి. వెనక పాదం ఒక అంగుళం కదిపితే చాలు, టార్గెట్ దగ్గర చాలా మారుతుంది. పైకీ కిందకీ తేడా ఉంటే ఎడమ చెయ్యి రైఫిల్ కింద ముందుకో వెనక్కో జరపాలి, లేదా బట్ ప్లేట్ (రైఫిల్ వెనక భుజానికి ఆనే పలక) సర్దాలి. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి. బరువు ఎముకల గుండా నేలకి దిగాలి, భుజం మోయకూడదు. ఈ పరీక్ష ప్రతి సిరీస్ (వరసగా కొట్టే షాట్ల విడత) ముందు చేయండి. మొదటి నెల నేను ఒకసారి చేసి వదిలేశాను. పదో షాట్‌కి పాదాలు ఎక్కడికో పోయేవి.

నల్ల చుక్క వణుకుతూనే ఉంటుంది. ఆగిన క్షణంలో టక్కున నొక్కేయాలా?

అలా నొక్కడం వల్లే పది పాయింట్లకి బదులు ఎనిమిదులు వస్తాయి. వణుకు ఎవరికీ పూర్తిగా ఆగదు. ఒలింపిక్ షూటర్‌కైనా ఉంటుంది, చిన్నగా ఉంటుంది. చుక్క మధ్యలోకి వచ్చిందని మెదడు చెప్పి, వేలు కదిలేలోపు అది దాటిపోయి ఉంటుంది. చుక్క ముందు సైటు (బ్యారెల్ కొసన గురి చూసే భాగం) రింగులోకి దిగేటప్పుడే ట్రిగ్గర్‌ని మొదటి దశ, అంటే గట్టిగా తగిలే చోటు దాకా లాగేయండి. తర్వాత వణుకులోనే మెల్లగా ఒత్తిడి పెంచండి. ఆరేడు సెకన్లలో పడకపోతే రైఫిల్ దించండి. దించడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ పాయింట్లు పోగొట్టుకుంటారు.

పెల్లెట్ వెళ్లిపోయాక కూడా రైఫిల్ పట్టుకునే ఉండమంటారు. దేనికి?

పెల్లెట్ సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతోనే పోతుంది. అది బ్యారెల్ దాటేలోపు మీరు తల ఎత్తితే రైఫిల్ కదులుతుంది. ట్రిగ్గర్ పడ్డాక రెండు సెకన్లు అలాగే చూస్తూ ఉండండి. షాట్ ఎక్కడ పడిందో స్క్రీన్ చూడకముందే మీకు తెలియాలి.

ఇంట్లో డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) ఎంతసేపు చేయాలి?

రోజూ 20 నిమిషాలు చాలు. పెల్లెట్లు ఆ గదిలోనే ఉండకూడదు, రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకోవాలి, గురి పెట్టే గోడ అవతల ఎవరూ ఉండకూడదు. మొదటి పది నిమిషాలు ఏ చుక్కా లేని తెల్లగోడ మీద చేయండి. గురి పెట్టడానికి ఏమీ లేనప్పుడే ట్రిగ్గర్ వేలు చేసే తప్పు కనబడుతుంది. డ్రై ఫైర్ సదుపాయం లేని పాత స్ప్రింగ్ రైఫిల్‌ని ఇలా కొట్టకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

## గ్రూప్ కొలవడం

గ్రూప్ అంటే ఏంటి? స్కేలుతో కొలవొచ్చా?

ఒకే గురితో కొట్టిన షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నదే గ్రూప్. బాగా ఎడంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేయండి. అంచుల మధ్య 11.8 వస్తే గ్రూప్ 7.3 మి.మీ. స్కేలుతో అర మిల్లీమీటర్ అటూఇటూ అవుతుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్ మేలు. రాణీగంజ్ పనిముట్ల దుకాణాల్లో మామూలు డిజిటల్ది తీసుకుంటే సరిపోతుంది.

ఎయిర్ రైఫిల్ పెల్లెట్ ముక్కు చదునుగా ఉంటుంది, అందుకే కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది. పాయింట్ 22 తూటా ముక్కు గుండ్రంగా ఉండటంతో రంధ్రం తూటాకన్నా చిన్నగా కనబడుతుంది. అక్కడ ఒంటరిగా పడ్డ ఒక రంధ్రాన్ని కొలిచి, ఆ కొలతే తీసేయండి.

ఒక గ్రూప్‌కి ఎన్ని షాట్లు? మూడు కొట్టి ఫోటో తీస్తే సరిపోదా?

స్టేటస్ పెట్టుకోవడానికి సరిపోతుంది. షాట్లు పెరిగేకొద్దీ అదే మనిషి, అదే రైఫిల్ గ్రూప్ పెద్దదవుతుంది. ఎక్కడో ఒకటి దూరంగా పడే అవకాశం పెరుగుతుంది కదా. ఐదు షాట్లకి సగటున 8 మి.మీ. వచ్చేవాడికి మూడు షాట్లకి 6 దాటి కొంచెం, పది షాట్లకి 10 దాకా వస్తుంది. అందుకని ఐదు షాట్ల గ్రూప్‌ని పది షాట్ల గ్రూప్‌తో పోల్చకండి.

ఇంకో సంగతి. ఆ 8 మి.మీ. సగటు మనిషికి ఒక రోజు 6, ఇంకో రోజు 10 రావడం మామూలే. 6 వచ్చిన రోజు పార్టీ అడిగి, 10 వచ్చిన రోజు రైఫిల్ అమ్మేస్తానంటారు మనవాళ్లు. ఒక్క గ్రూప్ చూసి ఏదీ తేల్చుకోవద్దు. ఐదు షాట్ల గ్రూపులు కనీసం ఐదు కొట్టి, సగటు తీయండి.

ఒక్క షాట్ బయటికి పోయింది. దాన్ని వదిలేసి కొలవచ్చా?

వద్దు. షాట్ పడగానే, స్క్రీన్ చూడకముందే, "కుడివైపు తొమ్మిది" అని మీరే నోటితో చెప్పి ఉంటే దాని పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. గ్రూప్‌లో మాత్రం ఉంచండి. చూశాక "అది నాది కాదు" అనడం కుదరదు. పోటీలో దాన్ని ఎవరూ తీసేయరు.

నేను మొదటి ఆరు నెలలు బాగా రాని కాగితాలు చింపి బుట్టలో వేసేవాణ్ని. నా ఫైల్ తెరిస్తే అన్నీ ముత్యాల్లాంటి గ్రూపులే. పోటీకి వెళ్లి స్కోర్ చూసుకున్నాక ఆ ఫైల్ ఎవరిదో అనిపించింది.

గ్రూప్ చిన్నగానే వస్తోంది. అయినా స్కోర్ రావట్లేదు. ఏంటి కథ?

గ్రూప్ ఎంత పెద్దదన్నది మీ పొజిషన్, ట్రిగ్గర్ సంగతి. అది ఎక్కడ పడిందన్నది సైటు సంగతి. ఈ రెండూ కలిపేసుకుంటే ఏది బాగు చేయాలో తెలియదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద ఒక సిరీస్ తీసుకుందాం. టార్గెట్ మధ్య బిందువు నుంచి ఐదు షాట్లు ఇలా పడ్డాయి (మి.మీ.లో): కుడికి 1, పైకి 2. కుడికి 3, ఎత్తు సరిగ్గా. ఎడమకి 1, పైకి 1. కుడికి 2, పైకి 3. అడ్డంగా సరిగ్గా, కిందకి 1.

అడ్డం కొలతలు కూడి ఐదుతో భాగిస్తే కుడికి 1. నిలువు కొలతలు కూడా అలాగే చేస్తే పైకి 1. అంటే గ్రూప్ మధ్య బిందువు ఒక మిల్లీమీటర్ కుడికి, ఒక మిల్లీమీటర్ పైకి ఉంది. బాగా ఎడంగా ఉన్న రెండు షాట్ల మధ్య దూరం 4.5 మి.మీ. మంచి గ్రూపే. కానీ స్కోర్ (మధ్యకి ఎంత దగ్గరగా పడితే అంత ఎక్కువ) 10.1, 9.8, 10.4, 9.5, 10.6, మొత్తం 50.4. అందులో రెండు తొమ్మిదులు.

ఇదే గ్రూప్‌ని కదలకుండా మధ్యలోకి జరిపి లెక్క కట్టండి: 51.1, తొమ్మిది ఒక్కటీ లేదు. ఐదు షాట్లకి 0.7 తేడా. 60 షాట్ల పోటీలో అది 8.4 పాయింట్లు. పొజిషన్‌లో ఏమీ మార్చకుండా, సైటు మర తిప్పితే టిక్కుమనే క్లిక్కులతోనే వచ్చేవి.

సైటు ఎప్పుడు తిప్పాలి? ఒక్కో క్లిక్కుకి ఎంత జరుగుతుంది?

ఒక షాట్ చూసి తిప్పకండి. ఐదు షాట్ల మధ్య బిందువు చూసి తిప్పండి. క్లిక్కు ఎంతో సైటుని బట్టి మారుతుంది కాబట్టి మీరే కొలుచుకోవాలి: ఐదు కొట్టి, 10 క్లిక్కులు తిప్పి, అదే గురితో ఇంకో ఐదు కొట్టి, రెండు గ్రూపుల మధ్య బిందువుల దూరాన్ని పదితో భాగించండి. వచ్చిన అంకె సైటు మీదే టేపు అంటించి రాసుకోండి.

జర్మన్ సైట్ల మీద ఉండే అక్షరాలతో జాగ్రత్త. చాలావాటి మీద అవి షాట్ ఎటు పోయిందో చెబుతాయి, పైకి పోతే ఆ అక్షరం వైపు తిప్పితే కిందకి వస్తుంది. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని సిరీస్ మొత్తం పాడు చేసుకున్నవాళ్లు మా బెంచీ మీద కనీసం ముగ్గురున్నారు.

అన్నీ పదులే రావాలంటే గ్రూప్ ఎంత ఉండాలి?

10 మీటర్ల టార్గెట్‌లో పది రింగు అర మిల్లీమీటర్ చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకితే పదే. అంటే ప్రతి పెల్లెట్ నడి బిందువూ 5 మి.మీ. వ్యాసమున్న వృత్తంలో పడితే చాలు, ఆ వృత్తం సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆ పైన ప్రతి పావు మిల్లీమీటర్‌కి 0.1 పోతుంది. లండన్‌లో గగన్ నారంగ్ క్వాలిఫికేషన్ (ఫైనల్‌కి ముందు రౌండ్) స్కోర్, దశాంశాలు లేని అప్పటి లెక్కలో, 600కి 598. గంటకి పైగా నిలబడి 60 షాట్లు కొడితే పోయింది రెండే పాయింట్లు.

## నోట్‌బుక్

రోజూ ఏమేం రాయాలి?

తక్కువ రాయండి, మానకుండా రాయండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "మంగళవారం, సాయంత్రం 6.30. లేన్ 7. పెల్లెట్ తల 4.50 మి.మీ., డబ్బా సగం. గ్రూపులు 7.3, 9.1, 6.8, 10.4, 8.0. సగటు 8.3. మధ్య బిందువు అర మి.మీ. ఎడమకి. నాలుగో గ్రూప్‌లో ఆకలి." ఆ చివరి ముక్క నవ్వులాటగా రాశాను. మూడు నెలల తర్వాత తిరగేస్తే నాలుగో గ్రూప్ పెద్దదైన రోజులన్నీ మధ్యాహ్నం భోజనం మానేసినవే.

యాప్ వాడొచ్చా?

వాడొచ్చు. టార్గెట్‌ని నిటారుగా ఫోటో తీయకపోతే కొలత తప్పుతుంది, అంతే.

గ్రూప్‌తో పాటు ఇంకేదైనా కొలవాలా?

మొత్తం వెడల్పు రెండు షాట్లనే చూస్తుంది, మిగతా మూడు ఎక్కడ పడినా దానికి పట్టదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ కొలతలు ఇస్తుంటే, గ్రూప్ మధ్య బిందువు నుంచి ఒక్కో షాట్ ఎంత దూరంలో ఉందో చూసి వాటి సగటు కూడా రాసుకోండి. నెల నెలా పోల్చడానికి ఇది నమ్మకమైన అంకె.

రెండు నెలలుగా సగటు కదలట్లేదు. రైఫిల్ మార్చాలా?

ముందు ఒక్కటే మార్చండి, రెండు వారాలు అలాగే ఉంచండి. ఒకేరోజు బట్ ప్లేట్ పెంచి, పెల్లెట్ మార్చి, పాదాలు తిప్పేస్తే గ్రూప్ తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు. షాట్లు ఎలా చెదిరాయో కూడా చూడండి. అడ్డంగా సాగితే పాదాలు, నడుము ఊగడం. నిలువుగా సాగితే ఊపిరి ఒక్కోసారి ఒక్కో చోట ఆగడం. కుడికీ కిందకీ జారుతుంటే రైఫిల్ కుడివైపు ఒరుగుతోందేమో అద్దంలో చూసుకోండి.

## రైఫిల్, పెల్లెట్లు

తప్పు రైఫిల్‌దా, నాదా? ఎలా తెలుస్తుంది?

టేబుల్ మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ దాని మీద ఆనించి ఐదు కొట్టండి. అక్కడ 2 మి.మీ. వచ్చి, నిలబడి కొడితే 14 వస్తే రైఫిల్‌ని ఏమీ అనకండి. టేబుల్ మీద కూడా 8 వస్తే అప్పుడు వెతకాలి. ముందు సైటు, వెనక సైటు, బ్యారెల్, బట్ ప్లేట్ స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడండి. నేను రెండు వారాలు తిండి సరిగ్గా తినకుండా పొజిషన్ మార్చుకుంటూ కూర్చున్నాను, తీరా చూస్తే వెనక సైటు స్క్రూ వదులై ఊగుతోంది. ఒక అలెన్ కీతో పని అయిపోయింది.

ఖరీదైన పెల్లెట్లు కొంటే గ్రూప్ తగ్గుతుందా?

గ్రూప్ 12 మి.మీ. పైన ఉన్నంతకాలం తేడా కనబడదు. ప్రాక్టీసుకి మామూలు మ్యాచ్ పెల్లెట్లు చాలు. అంతకంటే తగ్గాక పరీక్షించండి. డబ్బా మీద తల కొలత 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి నప్పుతుంది. ఇసుక సంచి మీద ఒక్కో రకానికి పది చొప్పున మూడు గ్రూపులు కొట్టి చూడండి. నప్పింది దొరికితే అదే బ్యాచ్‌వి నాలుగు డబ్బాలు తీసి పెట్టుకోండి. డబ్బా కింద పడి మెత్తటి సీసం అంచులు వంగినవి ప్రాక్టీసుకి వాడేయండి.

ఎండాకాలం గ్రూప్ పాడవుతోంది. నాకేనా?

అందరికీ. మే నెలలో జాకెట్ వేసుకుని రెండు గంటలు నిలబడితే చెమట కళ్లలోకి దిగుతుంది, చెంప బట్ మీద జారుతుంది. పొద్దున్నే లేన్ తీసుకోండి, సిరీస్‌కీ సిరీస్‌కీ మధ్య జాకెట్ విప్పండి. 200 బార్ ఒత్తిడితో గాలి నింపిన రైఫిల్ సిలిండర్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటినదాన్ని నింపకండి.

## 50 మీటర్లు, పోటీలు

50 మీటర్లకి వెళితే నా గ్రూప్ ఐదు రెట్లు అవుతుందా?

లెక్క ప్రకారం అంతే. 10 మీటర్లలో 5 మి.మీ. ఉంటే 50లో 25. కానీ అక్కడ పదికి ఉన్న చోటు 16 మి.మీ. వృత్తమే. తొలి రోజే మనసు కష్టపెట్టుకునేది అందుకే. పడుకుని కొట్టే పొజిషన్‌లో స్లింగ్ (రైఫిల్‌ని చేతికి కట్టే పట్టీ) సాయం ఉంటుంది కాబట్టి గ్రూప్ బాగా తగ్గుతుంది, నిలబడి కొట్టేటప్పుడే అసలు పరీక్ష.

గాలి వస్తే క్లిక్కులు తిప్పాలా, ఆగాలా?

కొత్తవాళ్లు ఆగాలి. తూటా ఎడమకి పోవాలంటే గాలి పెద్దగా వీయక్కర్లేదు, గాలి జెండా కొంచెం లేచినా చాలు. జూన్, జూలైలో పడమటి గాలి ఉన్న రోజుల్లో జెండా ఎక్కువసేపు ఏ కోణంలో ఉంటోందో చూసి, ఆ కోణంలోనే సైటు సరిచేసుకుని, మళ్లీ అలా ఉన్నప్పుడే కొట్టండి. నోట్‌బుక్‌లో ప్రతి గ్రూప్ పక్కన జెండా బొమ్మ గీయండి. గాలి వల్ల సాగిన గ్రూప్‌ని మీ తప్పని లెక్కేసుకుంటే పొజిషన్ పాడు చేసుకుంటారు.

ప్రాక్టీసులో 8 వచ్చే గ్రూప్ పోటీలో 12 అవుతోంది. టెన్షనేనా?

కొంత టెన్షనే. కొంత ప్రాక్టీసు తీరు. ప్రాక్టీసులో ఐదు కొట్టి నీళ్లు తాగి, కబుర్లు చెప్పి, మళ్లీ ఐదు కొడతాం. పోటీలో 60 షాట్లకి 75 నిమిషాలు. వారానికి ఒకరోజు గడియారం పెట్టుకుని, సైటర్లతో (లెక్కలోకి రాని సరిచూసే షాట్లు) సహా మొత్తం కొట్టండి. మొదటి పది షాట్ల గ్రూప్‌ని, చివరి పదిటి గ్రూప్‌ని విడివిడిగా కొలవండి. చివరిది పెద్దదైతే ఒంటి అలసట, మొదటిది పెద్దదైతే కంగారు. రెండింటికీ మందు వేరు.

మా అబ్బాయిని ఇంటికొచ్చాక ఏమని అడగాలి? స్కోర్ అడిగితే చిరాకు పడుతున్నాడు.

అయ్యా, స్కోర్ అడగకండి. "ఈరోజు నోట్‌బుక్‌లో ఏం రాశావు నాన్నా?" అనండి. ఏమీ రాయలేదంటే అప్పుడు మీరు చిరాకు పడొచ్చు.

పాత టార్గెట్ కాగితాలు దాచాలా, పారేయాలా?

తేదీ రాసినవి దాచండి, రాయనివి పారేయండి. మా ఇంట్లో అవి బియ్యం డబ్బా పక్కన అట్టపెట్టెలో ఉంటాయి. వానాకాలంలో చెమ్మ తగిలితే కాగితం సాగి కొలతలు మారతాయి కాబట్టి కొలిచే పని ఆ రోజే ముగించండి.